మంచికంటికి గంత

నేను ఒక నల్లని గంతను. దౌర్జన్యమే నా వృత్తి. శుభ్రంగా చూసే కన్నును మూసిపెట్టి, చూడటం చేతకాని కన్ను చేత చాకిరీ చేయిస్తాను. పుట్టుకా అలాంటిదే. పాత గొడుగు గుడ్డను దర్జీ కత్తెరతో కోసి, సూదితో పొడిచి, ఎలాస్టిక్ బిగించి నన్ను తయారుచేశాడు.

నన్ను కుట్టించింది దిల్లీశ్వరి. పలాస దగ్గర జీడిపిక్కలు ఒలిచే పనికి వెళ్తుంది. ఆమె కూతురు యామినికి ఎడమకన్ను మెల్ల. ఉయ్యాలలో ఉండగానే అది ముక్కువైపు తిరిగితే, అదృష్టమంటూ నాన్నమ్మ తవిటమ్మ ఇరుగుపొరుగును పిలిచి మరీ చూపించిందట. నడక వచ్చాక పిల్ల గడపలకు తన్నుకుంటుంటే అల్లరి అనుకున్నారు. బడిలో వేశాక, కంటి పరీక్షలో అసలు సంగతి బయటపడింది. కుడికన్నుకు రోజూ కొన్ని గంటలు గంత కడితే, సోమరి ఎడమకన్ను దారికొస్తుందని డాక్టరమ్మ చెప్పింది.

"ఇప్పుడైతే చూపు వస్తుంది. పిల్ల ఎదిగిపోయాక చాలా కష్టం" అని కూడా హెచ్చరించింది.

నన్ను కట్టిన మొదటి పూటే ఇల్లు రణరంగమైంది. యామిని నన్ను పీకింది, తల్లి మొహం గోళ్ళతో రక్కింది, తల గోడకేసి బాదుకుంది. దిల్లీశ్వరి చెంప మీద ఒకటిచ్చి, నన్ను మళ్ళీ బిగించి, ఏడుస్తూ పనికి పోయింది. నాకు మాత్రం భలే హుషారుగా ఉంది.

కోడలు వీధి మలుపు తిరగగానే తవిటమ్మ నన్ను ఎడమకన్ను మీదికి జరిపేది. ఆమె మనసులో కల్మషం లేదు. చెడింది ఎడమది కదా, పుండున్న కాలిని వదిలేసి రెండో కాలికి ఎవరైనా కట్టు కడతారా? పైగా మెల్ల కనపడకపోతే పిల్ల ముద్దుగా ఉండేది. నేనేమో సోమరికి దుప్పటి కప్పి కూర్చునేవాణ్ణి. నా బతుక్కి ఎంత సిగ్గుచేటు! తల్లి వచ్చే వేళకు మళ్ళీ కుడివైపుకు చేరేవాణ్ణి. మనుషులు కీడు కూడా ఎంత ప్రేమగా చేస్తారో అప్పుడే చూశాను.

తర్వాతి పరీక్షలో ఎడమకంటి చూపు ఇంకా దిగజారిందని తేలింది. నాన్నమ్మ చేస్తున్నదంతా యామిని డాక్టరమ్మకు అమాయకంగా చెప్పేసింది.

ఇంటికొచ్చిన దిల్లీశ్వరి అరవలేదు. నన్ను పిల్ల తల నుంచి ఊడబెరికి, అత్త జుట్టు పట్టుకుని, ఆమె కుడికన్ను మీద బిగించింది. తవిటమ్మ ఎడమకంట్లో శుక్లం ముదిరిపోయి ఉంది.

"ఏటే, నన్ను సంపేత్తావేటే!"

"నడు అత్తా. పొయ్యికాడికి నడు. నీ మనవరాలు ఆ కంటితో ఎలా నడుత్తాదో అలా నడు."

తవిటమ్మ చేతులతో గాలిని తడుముతూ కదిలింది. నీళ్ళ బిందెను తన్నుకుని, ద్వారబంధానికి నుదురు కొట్టుకుని కూలబడింది. నెత్తురు కారి నాలోకి ఇంకింది. వెచ్చగా ఉంది. నాకు మొదటిసారి భయం వేసింది.

"ఓలమ్మా... మన యామిని గుంటకి ఆ కంట ఇలాగే ఉంటాదేటే?"

"ఇలాగే అత్తా. ఎదిగిపోతే ఇంకెప్పుడూ ఇలాగే."

దిల్లీశ్వరి అత్త పక్కనే కూలబడి, ఆ నుదుటికి కొంగు అదిమి, గొల్లుమంది.

మర్నాటి నుంచి నన్ను కట్టే పని తవిటమ్మ తీసుకుంది. ఆ ముసలామెలో అంత రౌద్రం ఉందని నేనెరగను. పిల్లను కాళ్ళ మధ్య ఇరికించుకుని, రెండు చేతులూ ఒక గుప్పిట్లో పట్టి, కుడికన్నును మూసేది. యామిని తన్నేది, ఉమ్మేది, నాన్నమ్మ ముంజేతిని నెత్తురొచ్చేలా కొరికేది.

"కొరుకే, కొరుకు. నానిడవను" అనేది తవిటమ్మ.

వానలు వెళ్ళి చలి వచ్చినా కొట్లాట ఆగలేదు. వాళ్ళిద్దరి మధ్య నలిగి నా కుట్లు పిగిలిపోయాయి.

ఇప్పుడు పాతగుడ్డల మూటలో ఉన్నాను. నా కొలువు ఊడిన మధ్యాహ్నం గురించి చెప్పాలి. యామిని నాన్నమ్మ ఒళ్ళో పడుకుని ఉంది. నేను కుడికన్ను మీదే ఉన్నాను. ఉన్నట్టుండి ఆ ముసలి ముంజేతిని మెల్లకంటికి దగ్గరగా లాక్కుని చూసింది. ఒక్కో మచ్చ మీదా వేలు పెట్టింది. వేలు ఎక్కడా తప్పలేదు.

"నానమ్మా, ఇయ్యేటి?"

తవిటమ్మ ఆ చిన్న వేలిని గుప్పిట్లో పట్టుకుంది.

"నీ పళ్ళే తల్లీ."

అప్పుడే నా ఎలాస్టిక్ పుటుక్కున తెగి జారిపోయాను. యామిని నన్ను వెతికి తీసి, తన అరచేత్తో కుడికంటికి గట్టిగా అదిమి పట్టుకుని, మళ్ళీ ఆ మచ్చలవైపు చూసింది.