మూసేస్తున్న దుకాణంలో రెండు జాకెట్లు

నాంపల్లి కోర్టు గేటు ఎదురుగా నీలం టార్పాలిన్ కట్టుకుని జనార్దన్ ఇరవై ఆరేళ్లుగా టైపు కొడుతున్నాడు. మొదట మిషన్ మీద, ఇప్పుడు ల్యాప్‌టాప్ మీద. అఫిడవిట్లు, కిరాయి కాగితాలు, అన్నిటికన్నా ఎక్కువగా దుకాణాల్లో మోసపోయినవాళ్ల ఫిర్యాదులు. చల్లబడని ఫ్రిజ్, రంగు వెలిసిన పట్టుచీర, తిరగని మిక్సీ. వచ్చినవాణ్ని అతను ముందుగా అడిగేది ఒకటే మాట.

"బిల్లున్నదా?"

లేదంటే కళ్లజోడు తీసి బల్లమీద పెట్టేవాడు. "బిల్లు లేకుంట ఎట్ల కొన్నవయ్యా? నీకేమన్నా బుద్ధున్నదా?" తిట్టు ఉచితం. టైపుకు మాత్రం డబ్బులు.

ఇంతటి బుద్ధిమంతుడు ఏం వెలగబెట్టాడో ఇప్పుడు తనే చెప్తాడు, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ.

అతని అక్క భాగ్య ఊళ్లో ఉంటుంది. బావ రాజనర్సు రిజర్వాయర్‌లో చేపలు పడతాడు. పోయిన వానాకాలం గాలికి తెప్ప బోల్తాపడి, తెడ్డు పట్టుకుని గంటసేపు నీళ్లలో వేలాడి బతికి బయటపడ్డాడు. అప్పట్నుంచి ఆయన ఒడ్డుకొచ్చేదాకా అక్క నోట్లో ముద్ద పెట్టదు. ఒకరోజు ఫోన్ చేసింది.

"తమ్మీ, నీళ్లల్ల తేలే జాకెట్లు ఉంటయట గదా. పట్నంల నువ్వున్నవు, నాలుగు తీర్ల ఎరికున్నోనివి. మంచిది చూసి ఒక్కటి తే. పైసలు నేనిస్త గానీ, మంచిది కావాలె."

"పైసల ఫికర్ నీకెందుకక్కా, నేను తెస్త గదా," అన్నాడు జనార్దన్. మంచిది అన్న మాట అక్క రెండుసార్లు అన్నది. అతని చెవికి రెండుసార్లూ వినబడింది కూడా.

మరుసటి రోజు మధ్యాహ్నం కోర్టు భోజనానికి లేవగానే నాంపల్లి నుంచి అబిడ్స్‌కు నడిచాడు. మొదట ఏసీ వేసిన పెద్ద దుకాణంలో ధర అడిగి, చెమట ఆరకముందే బయటికొచ్చాడు. పోస్టాఫీసు దాటాక ఒక సందులో మహీధర్ స్పోర్ట్స్ కనిపించింది. అద్దానికి అట్టముక్క వేలాడుతోంది. "దుకాణం మూసేస్తున్నాం. అన్నీ సగం ధరకే."

లోపల నాలుగు ట్యూబ్‌లైట్లలో ఒకటే వెలుగుతోంది. మే నెలలో ఫ్యాన్ ఆపి ఉంది. పనివాళ్లు లేరు. గల్లాపెట్టె పక్కన ఫోన్ మోగుతూనే ఉంది, యజమాని మహీధర్ దానివైపు చూడటం లేదు. తెలివున్నవాడు ఈ వైభోగం చూసి ఆ గడపలోంచే వెనక్కి తిరిగేవాడు. మన జనార్దన్‌కు మాత్రం నోరూరింది. మనిషి కష్టంలో ఉన్నాడు, బేరం బాగా తెగుతుంది అనుకున్నాడు. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ తన చెంప తనే వాయించుకోవాలనిపిస్తుందట.

మహీధర్ నిచ్చెనేసుకుని రేకుల కప్పుకు ఆనుకున్న పైఅర నుంచి రెండు నారింజరంగు జాకెట్లు దించి, భుజంమీది తువాలుతో దుమ్ము దులిపాడు.

"మా నాయన పెట్టిన దుకాణం సార్. సాగర్ల పడవలు నేర్చుకునే పిల్లలంతా గీడికే వచ్చేటోళ్లు. ఇప్పుడందరు ఫోన్లల్లనే కొంటున్రు. కంపెనీవాళ్లు నాకు సరుకు పంపుడు బంద్ చేసి ఐదేండ్లయింది."

అంటే దుకాణంలో ఉన్న ప్రతి వస్తువూ ఐదేళ్ల పాతది, ఐదు ఎండాకాలాలు రేకుల కింద ఉడికింది అని అర్థం. జనార్దన్‌కు అర్థమైంది వేరు. ఇంకా తగ్గిస్తాడు!

తగ్గించాడు కూడా. రెండూ తీసుకుంటే ఇంకొంచెం తగ్గిస్తానన్నాడు. ల్యాప్‌టాప్ ముందు కూర్చునేవాడికి లైఫ్ జాకెట్ దేనికి? వానొస్తే నాంపల్లి రోడ్డుమీద పనికొస్తుందిలే అని తనకు తానే సర్దిచెప్పుకుని రెండూ తీసుకున్నాడు.

"పక్కా బిల్లయితే టాక్స్ పడ్తది సార్," అన్నాడు మహీధర్. "కచ్చా చీటీ అయితే జర ఇంకా తగ్గిస్త. కానీ చీటీ మీద వాపసు లేదు. ముందే చెప్తున్న."

"చీటీ రాయి."

ఆ మాట అన్నదెవరా అని తనే ఒకసారి వెనక్కి తిరిగి చూశానంటాడు జనార్దన్. వెనక ఎవరూ లేరు.

ఇంట్లో భార్య సునంద జాకెట్ నొక్కి చూసింది. కుట్లలోంచి పసుపుపచ్చని పొడి రాలి ఆమె వేళ్లకంటింది.

"ఏంది, పిండి రాలుతున్నది?"

"కొత్తవాటికి పౌడర్ చల్లుతరు. నీకు తెల్వదు."

"నీకు తెలుసు మరి," అని సునంద చేతులు కడుక్కోవడానికి లేచింది.

ఆదివారం రిజర్వాయర్ కట్టమీద అక్క, బావ, వలలు సర్దుకునే పదిమంది ముందు జనార్దన్ ఉపన్యాసం మొదలుపెట్టాడు. ప్రాణం విలువ గురించి, పట్నంలో సరుకు ఎంచే నేర్పు గురించి. రాజనర్సు బీడీ ఆర్పి, "మస్తు చెప్తున్నవు గానీ బామ్మర్దీ, ముందుగాల నువ్వు దిగు," అన్నాడు.

దిగాడు. నడుములోతు నీళ్లలో వెనక్కి వాలి తేలి చూపించబోయాడు. కాలికింద గుంత తగిలింది. లోపలి ఫోమ్ పొడైపోయిన జాకెట్ తేలలేదు సరికదా, నీళ్లు తాగి తడిసిన బొంతలా బరువెక్కి అతణ్ని కిందికి లాగింది. ఉపన్యాసం ఎక్కడ ఆగిందో అక్కణ్నుంచి నీళ్లు నోట్లోకి పోయాయి. బావ దూకి కాలర్ పట్టి ఒడ్డుకు ఈడ్చకపోతే ఈ కథ చెప్పేవాడే లేడు.

దగ్గు తగ్గి కళ్లు తెరిచేసరికి కట్టమీద ఎవరూ నవ్వడం లేదు. రెండో జాకెట్ అక్క చేతుల్లో ఉంది. ఆ సాయంత్రం వల వేయడానికి పోతూ రాజనర్సు వేసుకోవాల్సింది అదే. భాగ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఈయన పానం నీ చేతుల పెట్టిన గదరా తమ్మీ," అన్నది. కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చింది.

తిట్టినా బాగుండేది. ఆ పూట జనార్దన్ సిగ్గుతో చితికిపోయాడు. అన్నం ముందు కూర్చున్నాడు గానీ మెతుకు దిగలేదు.

సోమవారం అబిడ్స్‌కు పరుగెత్తితే షట్టర్‌కు తాళం. "శనివారమే ఖాళీ చేసి పోయిండు," అన్నాడు పక్క జిరాక్సు దుకాణాయన. జనార్దన్ తన టార్పాలిన్ కిందికొచ్చి పట్టుదలగా ఫిర్యాదు మొదలుపెట్టాడు. ఫిర్యాదుదారు పేరు కొట్టాడు. అలవాటుగా వేళ్లు కిందికి పోయి "జతపరచిన పత్రం: బిల్లు" అని కొట్టి ఆగిపోయాయి. జేబులోంచి చీటీ తీశాడు. దాని మీద "2 పీసులు ఇచ్చినం" అని మాత్రం ఉంది. పేరు లేదు, తారీఖు లేదు. అయినా ఏమని ఫిర్యాదు? సరుకు పాతదని చెప్పాడు, వాపసు లేదని చెప్పాడు. పాపం, మహీధర్ ఒక్క అబద్ధమూ ఆడలేదు.

పక్క బల్ల జూనియర్ వకీలు మృదుల తొంగిచూసింది. "బిల్లు లేదా అంకుల్? మరి మీకేమన్నా..." అని నాలిక కరుచుకుంది.

"అనమ్మా, మొత్తం అను," అన్నాడు జనార్దన్. "రోజూ నేననేదే గదా."

ఆ మధ్యాహ్నమే పెద్ద దుకాణానికి పోయాడు. తయారైన తారీఖు చూశాడు, ముద్ర చూశాడు, కుట్లు గిల్లి చూశాడు. బేరమాడలేదు. నాలిక దురదపెట్టినా పళ్లతో అదిమిపట్టాడు. పేరుతో సహా పక్కా బిల్లు రాయించుకుని, మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

మళ్లీ ఆదివారం. కొత్త జాకెట్‌ను రాజనర్సు చేత్తో కూడా తాకలేదు.

"వద్దు బామ్మర్దీ. నాకు ఈతొస్తది. గిది ఏసుకుంటెనే మునుగుత."

భాగ్య తమ్ముణ్నీ చూడలేదు, జాకెట్‌నూ చూడలేదు. నీళ్లవైపు చూస్తూ నిలబడింది. ఇక జాకెట్ అన్న మాట ఈ ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఈ మనిషి ఎప్పట్లాగే ఉత్త ఒంటితో నీళ్లమీదికి పోతాడు. అది తన బేరం చేసిన పని అనుకున్నాడు జనార్దన్.

చెప్పులు విడిచాడు. జాకెట్ తొడుక్కుని పట్టీలు బిగించాడు. ఈసారి ఉపన్యాసం లేదు. అదే గుంత ఎక్కడుందో గుర్తుపెట్టుకుని, కళ్లు మూసుకుని అందులోకే అడుగేశాడు.

నీళ్లు గడ్డందాకా వచ్చి ఆగిపోయాయి. కాళ్లకింద ఏమీ లేదు, అయినా మునగలేదు. కళ్లు తెరిస్తే ఆకాశం కనబడింది. లెక్కపెట్టి వంద అంకెలు అయ్యేదాకా అట్లాగే తేలుతూ ఉన్నాడు, బావ చూడాలని.

రాజనర్సు మొలలోతు దిగి చెయ్యి అందించి ఒడ్డుకు లాగాడు. అతని ఒంటిమీది పట్టీలు తనే విప్పి, నీళ్లు కారుతున్న ఆ జాకెట్‌నే తొడుక్కుని తెప్ప ఎక్కాడు.

చొక్కా పిండుకుంటుంటే జనార్దన్ చేతికి జేబులో ఏదో తగిలింది. పక్కా బిల్లు. నాని ముద్దయి, ఒక్క అక్షరం మిగలకుండా పోయింది.

"బిల్లు పాయెనా తమ్మీ?" అన్నది భాగ్య.

"పోనియ్యక్కా," అన్నాడు జనార్దన్, నీళ్లమీద చిన్నదవుతున్న నారింజరంగు చూస్తూ. "ఇగ జర అన్నం పెట్టు. నువ్వు గూడ తిను."