చిరిగిన రొట్టెకు చప్పట్లు

పొయ్యి పక్కన కత్తి పట్టుకు కూర్చునే పీట గొనారియాది. అత్త పోయిన నాడు ఎక్కింది, మళ్లీ దిగలేదు. ఇటలీ ద్వీపమైన సార్డీనియా కొండల్లో కాపరి మందను తోలుకుని నెలల తరబడి మేపుకు పోతే, సంచిలో వెంట ఉండేది కరసావు రొట్టె. పొయ్యిలో బుడగలా పొంగగానే బయటికి లాగి, వేడి తగ్గకముందే అంచు చుట్టూ కత్తి తిప్పి, ఒక్క రొట్టెను రెండు పల్చటి రేకులుగా విడదీయాలి. చిరిగిందా, పందులకే.

ఈ చలికాలం నుంచి ఆమె కంటికి అంచు ఆనడం లేదు. వేళ్లతో తడిమి నెట్టుకొస్తోంది. ఎవరితోనూ అనలేదు. అంటే కత్తి కోడలి చేతికి పోతుంది. ఆ కోడలు రిమేదియా చేపలు పట్టే ఇంటి పిల్ల.

"పొలుసులు గీకే చేతులే నీవి. రొట్టె సంగతి నీకేం తెలుసే?" అనేది గొనారియా.

"చేప తోలే చిరక్కుండా ఒలుస్తాను అత్తా, రొట్టె ఒక లెక్కా?" అనేది కోడలు, పిండి ఒత్తుతూనే.

ఆ రోజు మిలానో నుంచి ద్వీపం చూడ్డానికి జనం వచ్చారు. ఓక్ అడవిలో నడిచి, మూడు వేల ఏళ్లనాటి రాతి బురుజు ఎక్కి దిగి, ఆకలితో గొనారియా వాకిట్లో, పొయ్యి ఎదురుగా చతికిలబడ్డారు. వాళ్లను తీసుకొచ్చిన ఎఫీజియో పట్నం మనిషి, నోరు ఊరుకోదు.

"బురుజు కట్టినవాళ్లు పోయారు, రొట్టె చేసేవాళ్లు మిగిలారు. చూడండి!" అన్నాడు.

రిమేదియా పొంగిన రొట్టెను అత్త ముందు పెట్టింది. ఆవిరి మొహాన కొట్టింది. కత్తి జారింది. రొట్టె నడిమికి చిరిగింది.

వాకిలంతా చప్పట్లు! ఫోన్లు పైకి లేచాయి. రిమేదియా చూసీ చూడనట్టు తల దించుకుంది.

"వాళ్లకేం తెలుసు పెద్దమ్మా, కానియ్యి," అని ఎఫీజియో గొణిగాడు. గొర్రెపాల చీజ్ నంజుకోవడానికి ఆ చిరిగిన ముక్క మీదికే చెయ్యి చాచాడు.

గొనారియా ఆ చేతి మీద ఒక్కటేసింది.

"పందుల వాటా, ముట్టకు! మీరూ ఆపండి. చిరిగినదానికి చప్పట్లేంటి? మా అత్తే ఉంటే ఈ కత్తితో నా కొప్పు కోసుండేది."

గొనారియా మోకాళ్లు పట్టుకుని పీట మీంచి లేచింది. కత్తి పిడి కోడలి వైపు తిప్పింది.

"కూర్చో."

"ఇంకొకటి తీస్తానత్తా, నువ్వే..."

"నాకు అంచు ఆనడం లేదే! చలికాలం నుంచీ అంతే. కూర్చోమన్నానా!"

తర్వాతి రొట్టెను గొనారియాయే కాల్చి తీసింది. రిమేదియా కత్తి చేప కడుపు మీద నడిచినంత సుళువుగా అంచు చుట్టి వచ్చింది. రెండు రేకులు, వెలుతురు కనబడేంత పల్చగా లేచాయి. గొనారియా ఒకదాన్ని అందుకుని అంచంతా తడిమింది. ఎక్కడా చిరుగు తగల్లేదు. దాన్ని ఎండకేసి పైకెత్తి పట్టుకుంది.

చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక జనం ఆమె మొహంలోకి చూశారు.

"ఏం, చేతులు పడిపోయాయా? ఇప్పుడు కొట్టండి! మా కోడలు. నా పొయ్యి దగ్గర ఆరితేరిన పిల్ల."

"ఎప్పుడు నేర్పావత్తా?" అంది రిమేదియా, నవ్వు ఆపుకుంటూ.

"నోరు మూసుకుని ఈ రెండో రొట్టె విడదియ్యి. చల్లారిపోతోంది."