ఏంజెల్ మీద కంప్లైంట్ల డబ్బా

ఏంజెల్ పన్నెండేళ్లు బెజవాడని నిద్ర లేపింది. గలగల ఎఫ్.ఎం.లో పొద్దున ఏడు నుంచి పది దాకా ఆమె గొంతే. పటమట ఇడ్లీ బళ్ల దగ్గరా, బెంజి సర్కిల్లో ఇరుక్కున్న ఆటోల్లోనూ ఆమె నవ్వే. అంతలో కంపెనీకి తెలివి పుట్టింది. ఊరికో గొంతుకి డబ్బులు తగలేయడం దేనికి, హైదరాబాదులో ఒకణ్ణి కూర్చోబెట్టి అన్ని ఊళ్లకీ వాణ్ణే వినిపిస్తే పోలా అనుకుంది. ఏంజెల్‌ని రేపట్నుంచి రావద్దంది. ఇదేం న్యాయమని అడిగితే, నువ్వు మా ఉద్యోగివే కాదు, అప్పుడప్పుడు వచ్చిపోయే గెస్టువి అంది.

ఆమె మెడలో వేలాడిన కార్డు మీద గెస్టు అనే ఉంది మరి. దొంగలు ముందునుంచే జాగ్రత్తపడ్డారు.

ఏంజెల్ లేబర్ ఆఫీసులో కేసు పెట్టింది. రోజూ పనిచేసినట్టు రుజువు తెమ్మన్నారు. షోల రికార్డింగులు ఇమ్మంటే, మూడు నెలలకోసారి చెరిపేస్తామని హెచ్చార్ మేనేజర్ లక్ష్మీకాంత్ చల్లగా చెప్పాడు. పన్నెండేళ్ల చాకిరీ గాలిలో కలిసిపోయింది.

అభిమానుల్ని అడిగింది. అందరి దగ్గరా రికార్డింగులు ఉన్నాయి, అన్నీ పాటలే. పాట రాగానే బటన్ నొక్కి, ఆమె నోరు తెరవగానే ఆపేసిన మహానుభావులు. ఆమెతో దిగిన సెల్ఫీలకి మాత్రం కొదవ లేదు.

అప్పుడు గుర్తొచ్చాడు వెంకటప్పయ్య. కంకిపాడు రైతు. ఏంజెల్ అంటే ఆయనకి మంట. వారం తప్పకుండా స్టేషన్‌కి ఫోన్ చేసి ఆమెని తిట్టేవాడు. ఒట్టి మాట కాదు, సాక్ష్యం ఉంది, అన్నీ రికార్డు చేసి పెట్టాను అనేవాడు. స్టేషన్లో ఆయన పేరు చెప్పుకుని నవ్వుకునేవాళ్లు. ఏంజెల్ కూడా నవ్వింది.

బస్సెక్కి కంకిపాడు వెళ్లింది. ఆయన వాకిట్లో మినుములు ఆరబోస్తున్నాడు. పేరు చెప్పగానే చేతిలో పార పక్కన పెట్టి ఎగాదిగా చూశాడు.

"నీ రేడియో మా ఊళ్లో మోగుతుంది. మా ఊరి పేరు మాత్రం నీ నోట్లోంచి రాదు. పొద్దస్తమానం బెంజి సర్కిలు, బెంజి సర్కిలు. కాలవకి నీళ్లు ఎప్పుడొదులుతారో చెబితే నీ సొమ్మేం పోయిందమ్మాయ్?"

"ప్రకటనలిచ్చే షాపులన్నీ అక్కడే కదా బాబాయిగారూ. ఏం చెప్పాలో పైవాళ్లు రాసిస్తారండీ."

"రాసిస్తే చదివేయడమేనా?"

ఆయన భార్య సుబ్బరత్నం మజ్జిగ తెచ్చి, ఆ పిల్లని ముందు కూర్చోనివ్వండి అని మొగుణ్ణి కసిరింది. ఏంజెల్ మజ్జిగ తాగి కేసు సంగతంతా చెప్పింది. ఆయన సగమే విన్నాడు. ఒక ఆఫీసరు ఉన్నాడు, రికార్డింగులు వింటాడు అన్న ముక్క దగ్గరే ఆగిపోయాడు. ఇన్నేళ్లకి తన కంప్లైంటు వినే నాథుడు దొరికాడు. లోపలికెళ్లి మెమరీ కార్డులున్న బిస్కెట్ల డబ్బా తెచ్చాడు. ఇవ్వనన్నాడు, తనే తెచ్చి వినిపిస్తానన్నాడు.

ఏంజెల్ తరఫు సాక్షి ఆమెని తిట్టడానికే వస్తున్నాడు.

విచారణ రోజు ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని, డబ్బా చంకలో పెట్టుకుని వచ్చాడు. ఫోన్‌లో కార్డు పెట్టి నొక్కాడు. రేడియో పక్కన ఫోన్ పెట్టి చేసిన రికార్డింగులవి. ముందు ఆయన గొంతు తేదీ చెబుతుంది, తర్వాత ఏంజెల్ కిలకిల, వెనకాల గేదె అరుపు, టిఫిను చల్లారిపోతోందని సుబ్బరత్నం కేక. చివర్లో ప్రతిసారీ ఆయనే: "ఇవాళ కూడా మన ఊరి పేరెత్తలేదు." ఇంకో కార్డు పెట్టాడు. ఇంకో ఏడాది, అదే వరస. గుమాస్తా మూతికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

లక్ష్మీకాంత్ మొహం వెలిగిపోయింది. ఇంత మంచి సాక్షిని అవతలి వాళ్లే తెచ్చిపెట్టారనుకున్నాడు.

"చూశారా సార్, శ్రోతలకి ఈమె అంటే ఎంత అసంతృప్తో. ఈ పెద్దాయన చెప్పింది అక్షరాలా నిజం. మేం ఊరుకోలేదండీ. పిలిచి మందలించాం, రెండుసార్లు మెమో కూడా ఇచ్చాం. ఆలస్యంగా వస్తే సగం రోజు జీతం కోశాం."

ఆఫీసరు కలం ఆపి తలెత్తాడు. "గెస్టుకి మెమో ఇస్తారా అండీ?"

మెమో ఇచ్చాక యజమాని కాక ఇంకేమవుతారు? జీతం కోయడానికి ముందు జీతమంటూ ఉండాలిగా? ఆఫీసరు ఆ మాటలన్నీ ఒక్కటీ పోనివ్వకుండా రాయించి, కింద లక్ష్మీకాంత్ చేత సంతకం పెట్టించాడు.

అప్పుడు మేనేజరు గొంతు మెత్తబడింది. ఏంజెల్ దగ్గరికొచ్చి, ఎంతో కొంత ఇప్పిస్తాను, కేసు వదిలెయ్యమ్మా అని గొణిగాడు.

"నాకు ఆ పొద్దుటి షో కావాలండీ. మెడలో గెస్టు కార్డు లేకుండా."

అది తన చేతుల్లో లేదన్నాడు. హైదరాబాదుకి ఫోన్ కొట్టాడు. ఎత్తలేదు. రేపు మాట్లాడదామని సంచీ సర్దుకోబోతే ఆఫీసరు ఇవాళే తేల్చమన్నాడు. ఏంజెల్ గుమ్మం పక్క బెంచీ మీద కూర్చుంది. ఆమె మీద తిట్టు ఇంకా సగం మిగిలే ఉన్నా, వెంకటప్పయ్య కూడా వచ్చి పక్కనే చతికిలబడ్డాడు. ఆడపిల్లని పన్నెండేళ్లు వాడుకుని గెస్టంటారా అని అటుగా పోయే ప్రతివాడికీ వినపడేలా అంటూనే ఉన్నాడు. ఇటు ఏంజెల్‌ని కూడా వదల్లేదు, నవ్వు కాస్త తగ్గించమన్నాడు.

మధ్యాహ్నం దాటాక హైదరాబాదు పలికింది. సోమవారం నుంచి రమ్మన్నారని లక్ష్మీకాంత్ నీరసంగా చెప్పాడు.

ఏంజెల్ లేవలేదు. ఉద్యోగిగా తీసుకుంటున్నామని కాగితం మీద రాసి ముద్ర వేసేదాకా ఆ బెంచీ వదల్లేదు.