నా పేరు పిలిచిన పూట

పదిమందికి ఉప్మా వండి, గిన్నెలు కడిగి, తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ అసెంబ్లీకి బయల్దేరాను. నేను ఎమ్మెల్యేని. ఆ పదిమందీ మా ఆయన కొండల్‌రావు మనుషులు. కోర్టు తీర్పు వల్ల ఆయన పోటీ చేయడానికి లేకపోతే నన్ను నిలబెట్టారు. "సంతకం నీది, తక్కినదంత నేను చూసుకుంట" అన్నారు నామినేషన్ నాడు. గెలిచాక దండలు కూడా ఆయన మెడలోనే పడ్డాయి.

హైదరాబాద్‌లో పాత గుమ్మటాల మేడ పక్కనే కొత్తగా కట్టిన సభాభవనం మాది. చల్లటి గాలి, మెత్తటి కుర్చీలు, ఎదురుగా మైకు. ఆ మైకులో నా గొంతు ఏనాడూ వినబడలేదు.

ఈసారి మాత్రం ఒక ప్రశ్న పంపాను, ఆయనకు చెప్పకుండా. జమ్మికుంట దగ్గర మా ఊళ్లో బుచ్చవ్వ కూతురు, తాగొచ్చిన మొగుడి దెబ్బలకు చనిపోయింది. బడి పక్కనున్న సారా దుకాణం ఎత్తేయించమని బుచ్చవ్వ నా చేతులు పట్టుకుని ఏడ్చింది. నేను మాట్లాడేది వినడానికి నిన్ననే బస్సెక్కి వచ్చింది. పై గ్యాలరీలో కూర్చోబెట్టాను.

ఆ సారా కాంట్రాక్టు మా మరిదిది.

సభలోకి పోతుంటే మా ఆయన అడ్డమొచ్చారు. సంగతి అప్పుడే తెలిసినట్టుంది. "ఎవల్నడిగి రాసినవ్? పేరు పిలిస్తె లేవకు. లేస్తివా, మల్ల నా గడప తొక్కకు. పిల్లలను కూడ మర్చిపో." చుట్టూ జనం. ఆయన నవ్వుతూనే అన్నారు.

అధ్యక్షులు నా పేరు పిలిచారు. లేవాలి. గడప దాటితే ఎక్కడికి పోను? అవ్వా బాపూ లేరు, అన్నావదినెల దగ్గర ఎన్నాళ్లుంటాను, పిల్లలను ఆయన నా కంటికైనా చూపిస్తారా? ఇన్ని ఓట్లేసి గెలిపించారు కదా, నిలబడడానికి రెండు కాళ్లు లేవా నాకు? రెండోసారి పిలిచారు. "సభ్యురాలు లేరా?" ఉన్నాను. తల వంచుకుని ఉన్నాను. తరువాతి ప్రశ్నకు పోయారు.

"దొర్సాని గాడ్నే ఉన్నది సారూ!" పైనుంచి బుచ్చవ్వ అరిచింది. "లెవ్వు దొర్సానీ! నా బిడ్డ ముచ్చట చెప్పు!"

మార్షల్స్ ఆమె రెక్క పట్టుకుని బయటికి తీసుకుపోయారు. అప్పుడు కూడా నేను లేవలేదు.

సభ అయ్యాక చూస్తే గేటు బయట చెట్టు నీడన కూర్చుని ఉంది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండును. నోరు తెరవబోయానో లేదో, వెనకనుంచి ఆయన "నడువు" అన్నారు. నా కాళ్లు వాటంతటవే కారు వైపు తిరిగాయి.

బుచ్చవ్వ ఆయన్నీ నన్నూ మార్చి మార్చి చూసింది. ఈసారి దొర్సానీ అనలేదు.

"మా గుడిసెలల్లనే గిట్లుంటదనుకున్న బిడ్డా, గింత పెద్దింట్ల సుత గంతేనా?"