ఐమూల దారి

"రోడ్డు దాటడం కూడా చేతకాదా నీకు?" అన్నాడు మా ఆయన ఫోనులో.

అప్పటికి నేను మందుల కొట్టు మెట్ల మీద కూర్చుని ఉన్నాను. మోకాలు చీరుకుపోయి రక్తం కారుతోంది. కూరల సంచి తెగి టమాటాలు నాలుగు దిక్కులా దొర్లిపోయాయి, సగం అప్పటికే బస్సు చక్రాల కింద పచ్చడయ్యాయి. నన్ను రాసుకుంటూ పోయిన మోటార్‌సైకిల్ ఆగనైనా ఆగలేదు. ఆగిన నలుగురూ ఒకే మాట అన్నారు: "చూసుకుని దాటాలి కదమ్మా." నీళ్ళ సీసా ఇచ్చినావిడ కూడా అదే అంది. నేను తల ఊపాను. అవును, చూసుకోవాల్సింది అన్నట్టుగా.

నిజానికి నేను చూసుకునే దాటాను. ఎటు చూడాలో నాకంటే బాగా తెలిసినవాళ్ళు మా ఊళ్ళో ఎవరూ ఉండరు. నగర కార్యాలయం ఇంజనీరింగ్ విభాగంలో పంతొమ్మిదేళ్ళుగా నక్షాలు గీస్తున్నాను. నా ఉద్యోగం పేరు ఇప్పటికీ డ్రాఫ్ట్స్‌మనే. మనిషి మారినా బల్ల మీద హోదా రాసిన చెక్క మారలేదు. ఆ కూడలిని నా చేత్తోనే నాలుగుసార్లు గీశాను. మార్కెట్టు దారి వచ్చి పెద్ద రోడ్డుని ఐమూలగా కోసుకుంటూ కలుస్తుంది. అలా కలవడం వల్ల మలుపు తిరిగే బండికి వేగం తగ్గించాల్సిన పని ఉండదు. తిరిగేవాడు వెనక వచ్చే బండిని చూడాలంటే మెడ పూర్తిగా తిప్పాలి. మెడ అటు తిరిగితే ముందు నడిచే మనిషి కనబడదు. ఇక నడిచే మనిషి ఈ అంచు నుంచి ఆ అంచుకి చేరాలంటే నా అడుగుల్లో డెబ్భై నాలుగు. మధ్యలో ఆగడానికి జానెడు చోటు లేదు. ఇదంతా తెలిసి కూడా నేను తల ఊపాను.

ఆ సాయంత్రం కాలు బల్ల మీద పెట్టుకుని కూర్చుంటే ఒక్కొక్కరే గుర్తొచ్చారు. ఏడాది కిందట బడి ఆయా అక్కడే పడి తుంటి విరగ్గొట్టుకుంది. పాపం కంగారు మనిషి అన్నారు. అంతకు ముందు దర్జీ వాళ్ళమ్మ. ఆవిడకి చెవుడు కదా అన్నారు. నెలలు నిండిన సంగీతం టీచరుని స్కూటర్ గుద్దితే, ఆ స్థితిలో గడప దాటడం ఎందుకు అన్నారు. దెబ్బ తగిలిన ప్రతి మనిషిలోనూ ఒక లోపం దొరికింది. రోడ్డుకి మాత్రం ఏ లోపమూ లేదు. ఆలోచన అక్కడితో ఆగలేదు, వంటింట్లోకి వచ్చింది. పొయ్యి గట్టు నా ఎత్తుకి సరిపోదు, పదహారేళ్ళుగా నడుం నొప్పి. "వంగే పద్ధతి తెలీదు దీనికి," అంటుంది అత్తయ్య. పొద్దున ఆయనకి, అమ్మాయికి, నాకు మూడు డబ్బాలు సర్ది, ఇంటిల్లిపాది బట్టలూ ఆరేసి, ఆఫీసుకి అయిదు నిమిషాలు ఆలస్యమైతే, "టైము పాటించడం నేర్చుకోవాలి," అంటాడు మా ఆయన, కాఫీ గ్లాసు ఉన్నచోటే వదిలేసి. అంగుళం తప్పినా కాగితం మీద పట్టేసే దాన్ని, మా ఇంటి గట్టు ఎత్తు తప్పేమో అని ఒక్కసారీ అనుకోలేదు. నా నడుమే తప్పనుకున్నాను.

మూడు వారాల తర్వాత, ఆ కూడలిని సరిచేయాలని పైనుంచి ఆదేశం వచ్చింది. మా పెద్దింజనీరు చేతిరాత స్కెచ్చు ఒకటి తెచ్చి నా బల్ల మీద పడేశారు. పెద్ద రోడ్డు ఇంకా వెడల్పు చేస్తారు. మధ్యలో నడుమెత్తు ఇనుప కంచె. నడిచేవాళ్ళకి మూడు వందల గజాల అవతల మెట్ల వంతెన. ఐమూల దారి మాత్రం ఐమూలగానే ఉంటుంది.

"కూడలి దగ్గర దాటేవాళ్ళు ఎక్కడ దాటాలి సార్?" అన్నాను.

"వంతెన ఉందిగా."

"సంచులతో, పిల్లలతో అంత దూరం పోయి నలభై మెట్లు ఎక్కుతారా సార్?"

ఆయన నవ్వారు. చిన్నపిల్ల ముద్దుమాటకి నవ్వినట్టు. "చూడమ్మా, గీత నువ్వు గియ్యి. ఆలోచన నాకొదిలెయ్."

గీశాను. ఆయన చెప్పింది చెప్పినట్టు, వెంట్రుకవాసి తేడా లేకుండా గీశాను. కానీ భోజనాల వేళ అందరూ లేచి వెళ్ళాక ఇంకో షీటు పరిచాను. మార్కెట్టు దారి చివర్ని కొంచెం వంచి, పెద్ద రోడ్డుకి తిన్నగా, పుస్తకం మూలలా కలిపితే? తిరిగే బండి ఆగి తీరాలి. దాటే దూరం సగానికి తగ్గుతుంది. మధ్యలో ఆగి నిలబడడానికి ఒక దిమ్మె కట్టొచ్చు. వంచడానికి చోటు కావాలి కాబట్టి పాత నక్షాలు తిరగేశాను. మూలన కూల్చేసిన నీళ్ళ ట్యాంకు స్థలం మా కార్యాలయానిదే. పాడైపోయిన చెత్త లారీలు అక్కడ తుప్పు పడుతున్నాయి. ఒక్క కొట్టు కూడా కదపక్కర్లేదు. అది చూసినప్పుడు ఒక్కదాన్నే ఆ ఖాళీ గదిలో పైకే నవ్వాను.

ఇక లెక్క కావాలి. ఎంతమంది దాటుతున్నారు, ఎక్కడ దాటుతున్నారు. నాకేమో పొద్దున్న ఊపిరాడదు, ఆఫీసులో మనిషినివ్వరు. మా ఇల్లు మూడో అంతస్తు, బాల్కనీ కిందే కూడలి. ఆ బాల్కనీలో మోకాళ్ళ నొప్పులతో ఆరేళ్ళుగా కుర్చీకి అతుక్కుపోయి అత్తయ్య ఉంది. అడగడానికి రెండు రోజులు జంకాను. పదహారేళ్ళలో నేనావిణ్ణి అడిగినవి రెండే: ఏం వండను, ఎప్పుడు వడ్డించను.

"లెక్కపెట్టాలా? ఊరికే లెక్కపెడితే చాలా, రాయాలా?" అంది.

"రాయాలి అత్తయ్యా. మగవాళ్ళు, ఆడవాళ్ళు, పిల్లలు. గంటగంటకీ."

"పాత క్యాలెండరు ఇటు పడెయ్. పెన్సిలు చెక్కి ఇవ్వు."

పన్నెండు రోజులు. సాయంత్రం చెప్పులు విప్పకముందే రిపోర్టు సిద్ధంగా ఉండేది. అయిదేసి గీతల కట్టలు, చెక్కినట్టు ఒకే ఎత్తులో. "ఏమే, ఇవాళ ఉత్త చేతుల్తో దాటిన ఆడది పొద్దున్నించి ఒక్కతే. అది కూడా సంచి మర్చిపోయి వెనక్కెళ్ళింది." ఇంకో రోజు, "మీరు వేసిన తెల్ల చారల దగ్గర ఎవ్వరూ దాటట్లేదే. బస్సు దిగినవాళ్ళందరూ మందుల కొట్టు ఎదురుగానే దాటుతున్నారు. నీడ అక్కడుంది, అందుకు. చారలు ఎండలో వేశారు మీ ఘనులు."

నేను తెల్లబోయాను. ఈ సంగతి ఏ నక్షాలోనూ ఉండదు.

"ఇంత పొందిగ్గా లెక్కలు ఎక్కడ నేర్చుకున్నారు అత్తయ్యా?"

"బళ్ళో నేనే ఫస్టు. అయిదో తరగతి దాకా." పెన్సిలు మొన చూసుకుంటూ అంది. "ఆ పై తరగతుల బడి రోడ్డుకి అవతల ఉండేది. ఆడపిల్ల రోజూ రోడ్డు దాటడం ఎందుకని మాన్పించారు."

చీకటి పడేదాకా ఇద్దరం కలిసి కింద దాటేవాళ్ళని లెక్కపెట్టాం. ఆ రోజు కూర మాడిపోయింది. "ఇద్దరికీ పిచ్చి పట్టిందా?" అన్నాడు మా ఆయన. "పట్టింది. నువ్వు పెరుగేసుకుని తిను," అంది అత్తయ్య.

షీటు, లెక్కలు కలిపి పెద్దింజనీరు దగ్గరికి తీసుకెళ్ళాను. మడత విప్పకుండానే దాని మీద టీ కప్పు పెట్టారు. "నీ ఉత్సాహం మంచిదేనమ్మా. ఇంట్లో గోడకి తగిలించుకో, బావుంటుంది." కప్పు తీశాక గుండ్రంగా మరక. ఆ మరక సరిగ్గా కూడలి మధ్యలో పడింది. బాత్రూములోకి వెళ్ళి కుళాయి తిప్పి ఏడ్చాను. ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చి, కొత్త షీటు మీద మొత్తం మళ్ళీ గీశాను.

జనం అభిప్రాయాలు చెప్పుకునే సభ శుక్రవారం పెట్టారు. నా పని పెద్దింజనీరు నక్షాలు బోర్డుకి గుచ్చడం, మార్చమన్నప్పుడు మార్చడం. పెదాల మధ్య గుండుసూదులు పట్టుకుని బోర్డు పక్కన నిలబడ్డాను. నా షీటు చుట్టలన్నిటికీ అడుగున ఉంది. ఎందుకు తెచ్చానో నాకే తెలీదు.

ఆయన అరగంట మాట్లాడారు. కొట్లవాళ్ళు గొణిగారు, రోడ్డు వెడల్పు చేస్తే ముందు పోయేవి వాళ్ళ కొట్లే. నగర కమిషనరు జలుబుతో ముక్కు తుడుచుకుంటూ వింటున్నారు. అప్పుడు వెనక వరసలో కుర్చీ కిర్రుమంది. తిరిగి చూస్తే అత్తయ్య! ఒక చేత్తో కర్ర, ఇంకో చెయ్యి మా అమ్మాయి భుజం మీద, చంకలో క్యాలెండరు కాగితాలు. మూడంతస్తులు దిగి వచ్చింది.

"అయ్యా, ఆ వంతెన మెట్లు ఎన్ని?"

"నలభై, పెద్దమ్మా," అన్నారు పెద్దింజనీరు.

"ఎక్కడానికి నలభై, దిగడానికి నలభై. నేను ఇవాళ ఇంటి మెట్లు దిగడానికి గంట పట్టింది. మీ వంతెన ఎక్కితే మళ్ళీ బుధవారానికి దిగుతాను. ఈలోగా నాకు భోజనం పైకి పంపిస్తారా?"

హాలు గొల్లుమంది. కమిషనరు కూడా నవ్వి, దగ్గి, అడిగారు. "వంతెన లేకుండా వేరే దారి ఏమైనా ఆలోచించారా?"

పెద్దింజనీరు, "సాంకేతికంగా వేరే మార్గం లేదు సార్," అన్నారు.

నేను పెదాల మధ్య నుంచి సూదులు తీశాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అరచేతిలో పోసుకుని, "ఉంది సార్," అన్నాను.

నా గొంతు అంత పెద్దదని నాకు తెలీదు. అడుగున ఉన్న చుట్ట లాగి పరిచాను. వంపు చూపించాను, ట్యాంకు స్థలం చూపించాను. దాటే చోటు ఎండలోంచి నీడలోకి జరిపానని చెప్పాను. అత్తయ్య గీతల కట్టల్ని గంటల వారీగా చదివాను. కొట్లు కదలవు అనగానే కొట్లవాళ్ళు ముందు వరసలోకి జరిగారు. బడి ఆయా ఒక మూల నుంచి లేచి, కుంటుతూ వచ్చి నక్షాని దగ్గరగా చూసింది.

పెద్దింజనీరు తేరుకున్నారు. "ఇది కూడా మా ఆలోచనే సార్. నా పరిశీలనలోనే ఉంది."

"అలాగా," అన్నారు కమిషనరు. "మరి వంపు ఇంత దూరం నుంచే ఎందుకు మొదలుపెట్టారు? ఇంకా దగ్గర్నుంచి వంచొచ్చు కదా?"

పెద్దింజనీరు నోరు తెరిచారు. నా వైపు చూశారు. పంతొమ్మిదేళ్ళుగా అలా చూసినప్పుడల్లా మెల్లగా జవాబు అందించాను. ఈసారి ఆయన వైపు చూడకుండా, కమిషనరుకే చెప్పాను. "దగ్గర్నుంచి వంచితే పొడుగు బస్సు తోక కాలిబాట మీదికి ఎక్కుతుంది సార్. ఇది నేను గీశాను. రూపకల్పన కూడా నాదే."

నెల రోజులు ఇసుక డ్రమ్ములు పెట్టి, తాళ్ళు కట్టి నా నక్షా ప్రకారం పరీక్షించారు. అత్తయ్య బాల్కనీలోంచి పర్యవేక్షించింది. ఒక్కరికీ దెబ్బ తగల్లేదు. ఆ తర్వాత పని మంజూరైంది. చివరి నక్షా కింద 'రూపకల్పన' అనే గడిలో పెద్దింజనీరు పేరు టైపు చేసి పంపారు. నేను దాన్ని సంతకానికి ఇవ్వకుండా, పట్టుకుని ఆయన ముందు నిలబడ్డాను.

"ఈ గడిలో తప్పుంది సార్."

"పేరుదేముందమ్మా? పని జరగడం ముఖ్యం."

"పేరుదేం లేకపోతే నాది ఉంటే ఏం సార్?"

ఆయన కలం మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి, చివరికి 'ఆమోదం' గడిలో సంతకం చేశారు. రూపకల్పన గడిలో టైపు చేసిన పేరు కొట్టేసి, నా పూర్తి పేరు, పుట్టింటి పేరుతో సహా, నా చేత్తో రాసుకున్నాను.

అయిదు నెలల్లో కూడలి తయారైంది. తెరిచిన రోజు పొద్దున అత్తయ్య కర్ర పట్టుకుని అంచున నిలబడింది. మలుపు దగ్గర లారీ ఆగింది. నిజంగా ఆగింది. ఆవిడ దిమ్మె దాకా నడిచి, తీరిగ్గా ఊపిరి తీసుకుని, అవతలికి చేరింది. మళ్ళీ ఇటు వచ్చింది. మళ్ళీ అటు వెళ్ళింది.

"అవతల ఏమైనా కొనాలా అత్తయ్యా?" అని అరిచాను.

"ఏం వద్దే! ఊరికే!"

మా ఆయన పనిచేసే కాలేజీలో అందరూ నా గురించి అడిగారట. "మా ఇంట్లో అందరం దీని మీద చాలా ఆలోచించాం అని చెప్పాను," అన్నాడు. అత్తయ్య నా మొహం చూసింది. నేను ఆవిడ మొహం చూశాను. ఇద్దరం కళ్ళల్లో నీళ్ళొచ్చేదాకా నవ్వాం. ఆయనకి ఎందుకో అర్థం కాలేదు.

ఆ వారమే కమిషనరు పిలిచి, ఊళ్ళో ఇలాంటి కూడళ్ళు ఇంకా మూడున్నాయి, నీకే అప్పగిస్తున్నాను, రోజూ పొద్దున ఆరున్నరకల్లా అక్కడ ఉండాలి, కుదురుతుందా అన్నారు. ఇంట్లో అడిగి చెప్తాను అనే మాట నాలిక చివరిదాకా వచ్చింది. మింగేసి, "కుదురుతుంది సార్," అన్నాను.

"మరి పొద్దున పనులో?" అన్నాడు మా ఆయన.

"తెల్లవారేది నాకొక్కదానికే కాదు కదండీ," అన్నాను. "ఇంట్లో అందరికీ తెల్లవారుతుంది."

మర్నాడు వాళ్ళింకా దుప్పట్లు మడుస్తుండగానే బయల్దేరాను. రెండో కూడలి బట్టల మిల్లు ముందుంది. టేపు, కాగితం బిగించిన పలక పట్టుకుని నిలబడ్డాను. మిల్లులో పనికి వెళ్ళే ఒకావిడ, రెండు చేతుల్లో రెండు సంచులతో, వచ్చేపోయే బండ్ల మధ్య సందు కోసం ముందుకీ వెనక్కీ ఊగుతోంది. నన్ను చూసి, అడ్డమొచ్చానేమో అన్నట్టు పక్కకి జరిగింది.

"అక్కా," అన్నాను. "మీకు ఎక్కడ దాటాలని ఉంది?"

ఆవిడ నన్ను చూసింది. వెనక ఇంకెవరైనా ఉన్నారేమో అని చూసుకుంది. తర్వాత రెండు సంచులూ నేల మీద పెట్టి, చెయ్యి చాచి, "ఇక్కడ," అంది.

నేను పలక మీద ఆ చోటు గుర్తు పెట్టాను.