శుక్రవారం కూడికలో ఒక మనవి

లాండ్రీ గదిలో వాషింగ్ మెషీన్ మీద ఆ రాయి ఉన్నన్నాళ్ళూ జ్ఞానకుమారికి బట్టలు వెయ్యడానికి లోపలికి వెళ్ళబుద్ధి అయ్యేది కాదు. అరచెయ్యంత బూడిదరంగు పలక. దాని మీద ఒక ఆకు అచ్చు, ఈనెలతో సహా. నిన్న సాయంత్రం ఎవరో తడి ఆకు అద్ది తీసినట్టుండేది. ఇటుకల మట్టి తవ్విన పాత గోతిలోంచి అల్లుడు దయానందం దాన్ని ఏరి తెచ్చుకున్నాడు. అతను బ్లాక్‌టౌన్ వైపు ఒక క్రైస్తవ పాఠశాలలో సైన్సు మాస్టారు.

"టూ హండ్రెడ్ మిలియన్ ఇయర్స్ ఓల్డ్, అమ్మమ్మా. డాడ్ మా క్లాసులో షో చేశాడు," అంది మనవరాలు ఎవా.

అదెంతో ఆవిడ కూతురు శాంతిని అడిగి తెలుసుకుంది. ఇరవై కోట్ల ఏళ్ళట.

జ్ఞానకుమారి నరసాపురంలో బడికి వెళ్ళింది రెండో తరగతి దాకానే. ఆ తర్వాత బైబిలు ముందేసుకుని, ఒక్కొక్క మాటా కూడబలుక్కుంటూ తనంతట తనే చదవడం పట్టుకుంది. ఆదాము మొదలు ఎవరు ఎవరిని కన్నారో, ఎవరెన్నేళ్ళు బతికారో తడుముకోకుండా చెప్పగలదు. ఆ వరసలో ఇరవై కోట్ల ఏళ్ళు ఎక్కడ ఇరికించాలో ఎంత ఆలోచించినా తేలలేదు.

"ఇలాంటివి మీ బడిలో చెప్పొచ్చా బాబూ?" అని భోజనాల దగ్గర అల్లుణ్ణి అడిగింది.

"చెప్పాలండి అత్తయ్యగారూ. మా జీతాల్లో సగం పైగా గవర్నమెంటు సొమ్మే. వాళ్ళు ఒకటే అన్నారు. ఆరు రోజుల సృష్టి గురించి బైబిల్ పీరియడ్‌లో ఎంతసేపైనా చెప్పుకోండి, సైన్సు పీరియడ్‌లో మాత్రం సైన్సే చెప్పండి, లేదంటే బడికి గుర్తింపు ఉండదు అని."

"మరి మీ ప్రిన్సిపాల్ ఒప్పుకున్నాడా?"

"కాగితం మీద ఒప్పుకున్నాడు," అని దయానందం నవ్వాడు. "క్లాసులో మాత్రం పుస్తకం తెరిచి, ఇందులో ఉన్నదంతా తప్పని చెప్పి మూసెయ్యమంటాడు. నేను మూయట్లేదు, అంతే. పిల్లలు రేపు యూనివర్సిటీకి వెళ్ళి బిక్కమొహం వెయ్యకూడదు కదా."

"అమ్మా, ఈ మాట మన గుమ్మం దాటకూడదు," అంది శాంతి. "ఆయన ఉద్యోగం ఏ ఏటికా ఏడు పొడిగించేదే. నీకు నోట్లో మాట ఆగదు."

"నాకెందుకాగదే? ఈ పరాయి దేశంలో నేనెవరితో మాట్లాడతాను, ఆ పక్కింటి పిల్లితోనా?" అని ఆవిడ అల్లుడి వైపు తిరిగింది. "మీరు దేవుణ్ణి నమ్మట్లేదా బాబూ?"

"నమ్మకపోతే రోజూ పొద్దున్నే మీ పక్కన మోకాళ్ళ మీద ఎందుకుంటానండీ? ఆయనే చేశాడు. ఎన్నాళ్ళు పట్టిందని ఆయన్ని నిలదీయడానికి నేనెవర్ని?"

ఆ మాటకి ఆవిడకీ నవ్వొచ్చింది. ఆ నవ్వు అన్నం తిన్నంతసేపే నిలిచింది.

అల్లుడంటే ఆవిడకి ప్రాణం. తనకి చిన్న చేపలు ఇష్టమని ఆదివారాలు ఎంతదూరమైనా పోయి తెచ్చే మనిషి. అందుకే భయం. జ్ఞానకుమారి జీవితంలో రేవు దగ్గరా, ఆసుపత్రి మెట్ల దగ్గరా, విమానాశ్రయంలో అద్దం అవతలా ఎందరో వెళ్ళిపోయారు. భర్త పడవెక్కుతూ "సాయంత్రానికి వచ్చేస్తా" అన్నాడు. అక్కడ, పరలోకంలో, మళ్ళీ కలుసుకుంటాం అన్న ఒక్క మాటని పట్టుకుని ఆవిడ అన్ని ఎడబాట్లనీ మోసుకుంటూ వచ్చింది. ఆ అక్కడికి అందరూ వచ్చి, ఈ రాయి మూలాన దయానందం ఒక్కడూ రాకపోతే? శాంతి ఎవరి పక్కన కూర్చుంటుంది?

ఆ వారం శుక్రవారం ప్రార్థన కూడిక లాజరస్ ఇంట్లో జరిగింది. క్వేకర్స్ హిల్‌లో శాంతి వాళ్ళ ఇంటికి రెండు వీధుల అవతలే. లూథరన్లు, బాప్టిస్టులు, పెంతెకోస్తువాళ్ళు, ఎవరి చర్చి వాళ్ళదైనా శుక్రవారం సాయంత్రం మాత్రం కోస్తావాళ్ళంతా ఒక్క హాల్లో తెలుగులో పాడుకుంటారు. శాంతికి హాస్పిటల్లో డ్యూటీ, దయానందానికి దిద్దాల్సిన పేపర్లు. పొరుగువాళ్ళ కారులో ఆవిడ ఒక్కతే వెళ్ళింది.

పాటలయ్యాక మనవులు. ఒక్కొక్కరూ తమ కష్టం చెప్పుకుంటే అందరూ కలిసి దానికోసం ప్రార్థిస్తారు. ఒకరికి మోకాలి నొప్పి, ఒకరికి తమ్ముడి వీసా, ఒకావిడకి డ్రైవింగ్ టెస్టు.

"మూడోసారాండీ?" అన్నాడు లాజరస్.

"నాలుగు," అందావిడ తల వంచుకుని.

"అయితే ఆ టెస్టు పెట్టే ఆయన కోసం కూడా ప్రార్థిద్దాం. త్వరగా కానివ్వండి, లోపల పులావు చల్లారిపోతోంది." అందరూ నవ్వారు. "జ్ఞానకుమారి అక్కయ్యగారూ, మీదే మిగిలింది."

పేరు చెప్పకపోతే తప్పు లేదనుకుందావిడ. "మా ఇంట్లో ఒకరి విశ్వాసం కోసం," అంది.

"విషయం తెలిస్తే కదా అక్కయ్యగారూ భారంగా ప్రార్థించేది," అన్నాడు లాజరస్ మెత్తగా.

లాజరస్ రైల్వేలో పనిచేస్తాడు. అల్లుడి బడి కమిటీలో సభ్యుడు కూడా. ఆ సంగతి ఆవిడకి తెలియనిది కాదు. కానీ ఆ నిమిషంలో అతను కమిటీ మనిషిలా కనబడలేదు. కళ్ళు మూసుకుని, చేతులు చాచి, తన బరువు సగం దించడానికి కూర్చున్నవాడిలా కనబడ్డాడు. జ్ఞానకుమారి చెప్పేసింది. రాయి గురించి, ఇరవై కోట్ల ఏళ్ళ గురించి, పుస్తకం మూయమంటే మూయని మాస్టారి గురించి. చెబుతుంటే కన్నీళ్ళు కారాయి. అందరూ ఆమెన్ అన్నారు. పులావు తిని ఇంటికొచ్చి చాలా రోజుల తర్వాత ఒళ్ళు తెలియకుండా నిద్రపోయింది.

ఆ నిద్ర తలుచుకుంటేనే తర్వాత ఆవిడకి సిగ్గేసేది.

కొన్ని వారాలకి గవర్నమెంటు బోర్డు నుంచి ఇద్దరు బడి తనిఖీకి వచ్చారు. ప్రిన్సిపాల్ వాళ్ళని నేరుగా దయానందం క్లాసులోనే కూర్చోబెట్టాడు. పాఠం విని, పిల్లల్ని ప్రశ్నలడిగి, వాళ్ళు తృప్తిగా వెళ్ళారు. బడి గుర్తింపు నిలిచింది, డబ్బూ నిలిచింది. పది రోజులు తిరక్కుండా ప్రిన్సిపాల్ దయానందాన్ని గదిలోకి పిలిచి, వచ్చే ఏడు నుంచి నీ సేవలు అవసరం లేదన్నాడు.

"ఆయన పాఠం చూపించి సొమ్ము తెచ్చుకున్నారు. అదే పాఠం చెప్పాడని తీసేస్తున్నారు," అంది శాంతి, యూనిఫారం కూడా మార్చుకోకుండా వంటింట్లో నిలబడి. "క్లాసులో ఏం జరుగుతోందో వాళ్ళకి ముందే తెలుసట. ఎవరు చెప్పారో మాత్రం చెప్పట్లేదు."

జ్ఞానకుమారి చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. "పిల్లలెవరైనా ఇంట్లో అనుంటారు," అంది. ఆ మాట అన్నది తన నోరేనా అని ఆవిడకే అనుమానమేసింది.

మర్నాడు అందరూ బయటికెళ్ళాక చెప్పులేసుకుని లాజరస్ ఇంటికి నడిచి వెళ్ళింది. అతను ఇంటి ముందు గడ్డి కోస్తున్నాడు. మిషను ఆపాడు.

"వందనాలు అక్కయ్యగారూ. ఎండలో నడిచొచ్చారేం?"

"మీరు కమిటీలో చెప్పారా?"

అతను మొహం తుడుచుకున్నాడు. "నేను చాడీ చెప్పలేదండీ. దేవుడి మీదొట్టు. మీరు ప్రార్థించమన్నారు. నేను కమిటీ ప్రార్థనలో పెట్టాను. వాళ్ళు కూడా మోకరించారు. తర్వాత వాళ్ళేం చేశారన్నది నా చేతిలో లేదు."

అతని గొంతులో అబద్ధం లేదు. తిట్టడానికైనా ఎవరూ లేరు.

"నేను చదువుకోనిదాన్ని బాబూ. ఆ శుక్రవారం తప్పు చెప్పాను. ఆయన అలా చెప్పట్లేదు. పిల్లలకి సృష్టే చెబుతున్నాడు. వాళ్ళకి ఆ మాట చెప్పండి."

లాజరస్ మొహం వెలిగింది. "ఎంత మంచి మాట చెప్పారండీ. ఇప్పుడే ఫోన్ చేస్తాను," అని చెప్పులు విప్పుకుంటూ లోపలికి పరిగెత్తాడు.

ఇంటికొచ్చే దారంతా ఆవిడ కాళ్ళు తేలిగ్గా నడిచాయి. అబద్ధమాడింది, నిజమే. దానికి దేవుడికి తను జవాబు చెప్పుకుంటుంది. పిల్లలు ముగ్గురూ ఒక్క కప్పు కింద ఉంటే చాలు.

ఆ సాయంత్రం దయానందం ఆలస్యంగా వచ్చాడు. భోజనం చేస్తూ శాంతితో అన్నాడు. "ప్రిన్సిపాల్ మళ్ళీ పిలిచాడు. వాళ్ళే పొరబడ్డారట. నేనెప్పుడూ జీవపరిణామం పాఠం చెప్పలేదని, ఇకముందు చెప్పనని ఒక్క మాటంటే ఉండిపొమ్మన్నాడు."

"అనుంటే సరిపోయేది కదా," అంది శాంతి, అతను అనలేదని తెలిసిపోయి.

"చెప్పాను కదా శాంతీ, క్లాసులో. పిల్లలందరూ విన్నారు. లేదని ఎలా అనేది?" అని కాసేపు అన్నం కెలికాడు. "అత్తయ్యగారూ, కొంచెం మాగాయ వెయ్యండి."

వేస్తుంటే మాగాయ పళ్ళెం పక్కన పడింది. అతను ఆవిడ వైపు చూసి, పళ్ళెం దగ్గరికి జరిపాడు.

ఆ తర్వాత ఆవిడ చాలాసార్లు చెప్పేద్దామనుకుంది. టీ ఇస్తూ ఒకసారి, తోటలో బట్టలు తీస్తూ ఒకసారి. నోరు తెరిచేలోపు అతను ఏదో మాట్లాడించేవాడు. నరసాపురంలో గోదావరి ఎంత వెడల్పుంటుందనో, మోకాళ్ళకి మందు రాసుకున్నారా అనో. డిసెంబరు చివర్లో బ్రోకెన్ హిల్‌లో గవర్నమెంటు స్కూల్లో సైన్సు పోస్టు దొరికింది. రాష్ట్రానికి ఆ చివర, గనుల ఊరు. శాంతి ఉద్యోగం, ఎవా చదువు, ఇంటి లోను అన్నీ ఇక్కడ. అతను ఒక్కడే వెళ్ళి, సెలవులకి వచ్చేట్టు అనుకున్నారు.

ఇక్కడ జనవరే నడివేసవి. ఆ ఎండకి గోడలు కాగిపోతున్న పూట జ్ఞానకుమారి అతని పెట్టె సర్దింది. చొక్కాలు, ఆవకాయ సీసా, తువ్వాళ్ళు. చివరికి లాండ్రీ గదిలోకి వెళ్ళి ఆ రాయిని రెండు చేతులతో తీసుకుంది. తను అనుకున్నంత బరువు లేదు. తన పాత వాయిలు చీర చింపి, అంచు విరగకుండా దాన్ని చుట్టి చొక్కాల మధ్య పెట్టింది.

పెట్టె మూస్తూ దయానందం ఆ మూట తడిమి చూశాడు. "ఇది మీరే సర్దారా అత్తయ్యగారూ?"

"అక్కడి పిల్లలకి చూపిస్తారని, బాబూ." ఆవిడ కొంగుతో పెట్టె అంచు తుడిచింది. "మీకోసం రోజూ ప్రార్థన చేస్తాను."

అతను పెట్టె తాళం వేసి లేచాడు. మోకాళ్ళు వంచి ఆవిడ పాదాలు ముట్టుకున్నాడు. వాళ్ళ ఇళ్ళల్లో లేని అలవాటది.

"చెయ్యండి," అన్నాడు. "ఈసారి మాత్రం మనసులో చేసుకోండి."

అందులో కోపం లేదు. శాంతికి వినబడనంత మెల్లగా అన్నాడు. ఎంతకాలంగా తెలుసో ఆవిడకి అప్పుడర్థమైంది. మాగాయ వేసిన రాత్రి నుంచీ తెలుసు. తను లాజరస్ గుమ్మంలో ఆడిన అబద్ధమే, ప్రిన్సిపాల్ నోటి మీదుగా, తన పేరు అతనికి చేరవేసింది. శాంతికి చెప్పకుండా ఇన్నాళ్ళూ అతను దాన్ని దాచాడు.

కారు మలుపు తిరిగాక కూడా జ్ఞానకుమారి గుమ్మంలోనే నిలబడింది. ఈ మనిషిని అక్కడ కలుసుకుంటానా లేదా అని ఇక భయం లేదు. కలిస్తే ఏ మొహంతో కలవాలన్నదే భయం.

ఆ శుక్రవారం కూడిక కూడా లాజరస్ ఇంట్లోనే. డ్రైవింగ్ టెస్టు ఆవిడ పాసయిందని మిఠాయి పంచారు. మనవులు వరసగా చుట్టుకుంటూ వచ్చి ఆవిడ దగ్గర ఆగాయి.

"మీ మనవి ఏమిటి అక్కయ్యగారూ?"

"ఏమీ లేదు బాబూ."

లాజరస్ కళ్ళు మూసుకున్నాడు. ఏ కొరతా లేకుండా ఈ సోదరిని నిలబెట్టినందుకు ప్రభువుకి స్తోత్రం చెల్లించాడు. అందరూ ఆమెన్ అన్నారు. పక్కనున్నవాళ్ళు తన వైపు చూస్తున్నారని ఆవిడ కూడా అంది.