గుండీ బయటివేలు

ఆ కుక్కల ఆసుపత్రిలో పొద్దుటినుంచీ వినిపించేవి మనుషుల మూలుగులే. డాక్టరమ్మ పట్టకారుతో కుక్క కాలివేలు నొక్కితే, నరం బతికుంటే, ఆ కుక్క ఎవరిని తనవాళ్ళనుకుంటుందో వాళ్ళ కాలు జివ్వుమంటుంది. కుక్క మాత్రం తనకేం పట్టనట్టు గోడవంక చూస్తుంది. అక్కడికొచ్చేవాళ్ళకి ఇది అలవాటే. చెప్పులు విప్పి బల్లమీద కూర్చుంటారు, అబ్బా అంటారు, మందు రాయించుకుని పోతారు.

దర్జీ కూడా చెప్పులు విప్పి కూర్చున్నాడు. మోటారుసైకిలు గుద్దినప్పటినుంచి అతని కుక్క గుండీ ఎడమ వెనక కాలు ఈడుస్తోంది. మోకాలు బాగానే నిలుస్తోంది గాని పాదం మడతపడి, పైచర్మం నేలకి రాసుకుని పుండు పడింది. భార్య అలిగి వెళ్ళిపోయాక ఆ ఇంట్లో మిగిలింది తనూ, అదీ. మిషను ఆపితే ఇల్లు బావురుమనేది. అందుకే పని లేకపోయినా తొక్కుతూ కూర్చునేవాడు.

డాక్టరమ్మ గుండీ పాదాన్ని మడిచి నేలకి ఆనించింది. మామూలు కుక్కయితే వెంటనే సరిచేసుకుంటుంది. గుండీ అలాగే ఉంచేసింది. తుంటి వెనకనుంచి తొడ వెంట దిగే పెద్ద నరం దెబ్బతిందని చెప్పిందామె. లోపలివేలికి వేరే నరం వెళుతుంది కాబట్టి అది పలికినా లెక్కలోకి రాదు, బయటివేలు పలకాలి. పట్టకారు చేతిలోకి తీసుకుంది.

"అబ్బా," అన్నాడు దర్జీ.

"ఇంకా నొక్కలేదండీ."

అతను తల దించుకున్నాడు. ఈసారి నిజంగానే నొక్కింది. అతని కాలికి చీమ కుట్టినట్టయినా అనిపించలేదు.

నరం చచ్చిపోయుంటే, పుండు ముదరకముందే కాలు తీసేయడం మంచిదని డాక్టరమ్మ మెల్లిగా చెప్పింది. "అది కాకపోతే, ఇది మిమ్మల్ని తనవాడనుకోవడం లేదేమో. ఇంట్లో ఇంకెవరైనా ఉన్నారా?"

దర్జీ ముఖం మాడిపోయింది. అన్నం పెట్టిందీ, స్నానం చేయించిందీ, ఉరుములొస్తే పక్కలో పడుకోబెట్టుకున్నదీ తను. ఆ వెళ్ళినావిడ చేసిందేముంది, సాయంత్రాలు దాని చెవులు నిమరడం తప్ప? కుక్క కాలు పోయినా ఎలాగో ఓర్చుకుంటాడు గాని, అది కూడా తనది కాదంటే అతను తట్టుకోలేడు.

"ఎవరూ లేరండీ. నరమే చచ్చింది. తీసేయండి."

అనుమానం తీరక డాక్టరమ్మ ఇంకోసారి గట్టిగా నొక్కింది. దర్జీ జేబులో ఫోను మోగింది. అలిగి వెళ్ళాక భార్య ఫోను చేయడం అదే మొదలు.

"నా ఎడమకాలి చిటికెనవేలు ఇందాకటినుంచి జివ్వుమంటోంది," అంది. "గుండీకి ఏమైంది?"

ఆవిడ ఎప్పుడైనా ఫోను చేస్తే అనాలని దాచుకున్న మాటలు బోలెడున్నాయి, సగానికి సగం తిట్లే. అవేవీ అనకుండా, "మా ఆవిడ వేలు పలికిందటండీ," అని డాక్టరమ్మకి చెప్పాడు.

డాక్టరమ్మ కాలు తీసే మాట మానేసింది. నరం కోలుకునేదాకా పాదానికి మెత్తటి కట్టు కట్టాలని, రోజూ కీళ్ళు మెల్లిగా ఆడించాలని చెప్పింది. ఎందుకైనా మంచిదని మరోసారి చూద్దామంటూ పట్టకారు అందుకుంది.

దర్జీ ఫోను చెవికి ఆనించుకునే, రెండో చేత్తో గుండీ పాదాన్ని కప్పేశాడు.

"చాలండీ," అన్నాడు. "ఆవిడకి నొప్పెడుతుంది."